నాకు, నా చేతికి

నూజివీడు పక్కన మా మామిడితోటలో పూత నిలిచి పిందె కట్టాక గుత్తదారు వచ్చేవాడు. తలెత్తి కొమ్మలు చూసుకుంటూ తోటంతా తిరిగి, రసాలెన్ని, బంగినపల్లెన్ని అని లెక్కేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఒకేడు ఆ వేళకి నాన్న ఊళ్లో లేరు. బయానా నోట్లు నాకందిస్తూ, “బాబుగారూ, ఇది మీ చేతికిస్తున్నా. మీక్కాదు, నాన్నగారికి” అన్నాడు. పదో తరగతి వాణ్ని, ఆ మాట గుచ్చుకుంది. ఈమధ్య కాప్టిక్ నేర్చుకుంటుంటే అదే మాట మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది.

ప్రాచీన ఈజిప్టు భాషకి చివరి రూపం కాప్టిక్. గ్రీకు అక్షరాలకి కొన్ని సొంత అక్షరాలు చేర్చి రాస్తారు. అక్కడి చర్చిల్లో ప్రార్థనల్లో నేటికీ వినిపిస్తుంది. నేను చదివేది దక్షిణాది సహిదిక్ మాండలికం. అందులో ఇవ్వడానికి ‘తి’ అంటారు. మనం పుచ్చుకునేవాడి పేరు వెనక ‘కి’ పెడితే, వాళ్లు ముందు ‘న్’ పెడతారు. చిక్కల్లా, ఇచ్చే వస్తువు ముందు కూడా చాలాసార్లు అదే ‘న్’ ఉండటం. సర్వనామం వస్తేనే దారులు విడిపోతాయి: ‘నఫ్’ అతనికి, ‘మ్మొఫ్’ అతన్ని.

మన ‘కి’ మాత్రం తక్కువదా? “తోట ఆయనకి మూడేళ్ల గుత్తకిచ్చాం.” మొదటి ‘కి’ మనిషిది, రెండోది ఒప్పందానిది. “డజను వందకిచ్చాడు” అంటే అది ధర. “ఊరగాయకి కాయలిచ్చింది” అంటే కాయలు పుచ్చుకున్నది ఊరగాయ కాదు. బడిలో వల్లించిన వరసలో కి, కు షష్ఠిలో ఉన్నాయి; చతుర్థిలో కొఱకు, కై. సంస్కృతంలో దానం పుచ్చుకునేవాడికి చతుర్థి. తెలుగు మాటని సంస్కృతం అరల్లో సర్దబోతే వచ్చిన ఇరుకిది అని నా నమ్మకం.

మొన్న ‘ఎతోత్‌ఫ్’ అనే మాట తగిలింది. ‘ఎ’ అంటే వైపు, ‘తోత్’ చెయ్యి, ‘ఫ్’ అతని. అతని చేతికి! ‘తి’ పక్కన ‘నఫ్’ వస్తే అతనికివ్వడం. ‘ఎతోత్‌ఫ్’ వస్తే అతనికి అప్పగించడం. మా అరుగు మీద విన్న తేడా నైలు ఒడ్డునా ఉంది. ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు.

ఆ రోజు నోట్లు బియ్యం డబ్బాలో దాచి, రాత్రి నాన్న రాగానే తీసిచ్చాను. ఆయన లెక్కపెట్టుకుని అందులోంచి ఒక పది తీసి నాకిచ్చారు. ఆ పదీ నాకే.