కోకో చదివిన దేశాల జాబితా

మీమ్‌కి అర్థం చెప్తే మీమ్ చచ్చిపోతుందంటారు. కిర్యు కోకో ఆ చంపడాన్నే ఒక షోగా నడిపింది. రెడిట్‌లో అభిమానులు పెట్టిన మీమ్స్ తెర మీద పెట్టి, ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన ఓ జపనీస్ సహచరిని పక్కన కూచోబెట్టేది. జోకు ఇంగ్లీషులో చదివి తను పడీపడీ నవ్వేది. తర్వాత జపనీస్‌లో వివరించేది. అవతలమ్మాయికి సగం ఎక్కేది కాదు. ఇందులో నవ్వడానికేముందన్నట్టు ఆగిపోయేది. అసలు కామెడీ అక్కడ మొదలయ్యేది.

కోకో వీట్యూబర్. అంటే తన గొంతునీ కదలికల్నీ ఓ యానిమేషన్ బొమ్మకిచ్చి లైవ్‌లోకొచ్చే స్ట్రీమర్. జపాన్‌లో కవర్ కంపెనీ నడిపే హోలోలైవ్ బృందంలో 2019 డిసెంబర్‌లో మొదలుపెట్టింది. పాత్రేమో భాష నేర్చుకోడానికి వేరే లోకం నుంచి దిగిన డ్రాగన్. ఇంటిపేరు వింటే 'యాకుజా' గేముల హీరో గుర్తొస్తాడు. బొమ్మ వెనక ఎవరన్నది మనకి అక్కర్లేదు.

హోలోలైవ్‌కి ఇంగ్లీషు విభాగం వచ్చింది 2020 సెప్టెంబర్‌లో. అప్పటిదాకా జపనీస్ రానివాళ్ళు ఎక్కువగా అభిమానులు అనువదించిన క్లిప్పుల మీదే బతికారు. కోకో వాళ్ళతో నేరుగా మాట్లాడింది, అదీ బూతు కలిపిన గుడ్‌మార్నింగ్‌తో. మోటు హాస్యం ఒక్కోసారి శ్రుతి మించేది. పొద్దుటి వార్తలకి పేరడీగా చేసిన 'అసాకోకో'లో ఆ మత్తుమందు ప్రకటనలు నాకు మూడోసారికే విసుగొచ్చాయి. కానీ దుబాసీ పనంటే మధ్యలో గోడ తీసెయ్యడమే అనుకుంటాం కదా, కోకో గోడని అలాగే ఉంచి, దాని మీదెక్కి కూచుని రెండు పక్కలా కబుర్లు చెప్పింది.

అదే 2020 సెప్టెంబర్‌లో తన యూట్యూబ్ ప్రేక్షకుల లెక్కలు దేశాలవారీగా లైవ్‌లో చదివింది. అందులో తైవాన్ ఉంది. చైనా ప్రేక్షకులు భగ్గుమన్నారు. కోకోనీ, అలాంటి లెక్కలే చూపించిన అకాయ్ హాటోనీ కంపెనీ మూడు వారాలు ఆపేసింది. రహస్యంగా ఉంచాల్సిన ఛానెల్ వివరాలు బయటపెట్టారనీ, కొన్ని ప్రాంతాలవాళ్ళని నొప్పించే మాటలన్నారనీ కారణాలు చెప్పింది. ఏదో ఒక ఫారంలో 'దేశం' అనే డ్రాప్‌డౌన్ పెట్టిన ప్రోగ్రామర్ ఎవరికైనా తెలుసు, అందులో ఏ పేరుండాలన్నది కోడ్‌తో తేలే సంగతి కాదని. ఇక్కడ జాబితా యూట్యూబ్‌ది, శిక్ష చదివినమ్మాయికి. నిజానికి కోకోకి అది ఓ మార్కుల షీటు. ఎక్కడెక్కడి జనమో తన మాట వినడానికొచ్చారన్న లెక్క. విదేశీ ప్రేక్షకులు కావాలనుకున్న కంపెనీకి, వాళ్ళు ఏయే దేశాలవాళ్ళో పైకి చెప్పడం మాత్రం భరించరానిదైంది.

తిరిగొచ్చాక నెలల తరబడి ఆమె చాట్ నిండా స్పామే. ఆ వరద పారుతుండగానే షో చేసింది. హోలోలైవ్ చైనా శాఖ ఏడాది చివరికల్లా మూతపడింది. కోకో 2021 జూలై 1న 'గ్రాడ్యుయేట్' అయింది. ఐడల్ పరిశ్రమలో వీడ్కోలుకి వాడే మాట అది. ఆ రాత్రి దాదాపు 5 లక్షల మంది ఒకేసారి చూశారు.

మీమ్ రివ్యూలు ఇప్పుడు పెట్టుకుంటే సగం జోకులు పాతబడ్డాయి, కొన్నిటికి సందర్భమే గుర్తు లేదు. అయినా పక్కనున్నమ్మాయి అర్థంకాక ఆగిపోయే ఆ రెండు సెకన్ల దగ్గర నాకు ఇంకా నవ్వొస్తుంది. కోకో తొందరపడి ఆ ఖాళీని పూడ్చదు.