కమల వచ్చింది, రైలు రాలేదు

సూపర్‌హీరో సినిమాలతో మాకు పెద్దగా పని లేదు. ఆకాశంలోంచి దిగొచ్చి ప్రపంచాన్ని కాపాడేవాడు చాలాసార్లు మాలాంటి పేర్లున్నవాళ్ల చేతుల్లోంచే దాన్ని కాపాడుతుంటాడు. అయినా 2023 నవంబరులో విడుదలైన 'ది మార్వెల్స్' చూశాం. కమలా ఖాన్ కోసం చూశాం.

ఆ పేరు వింటే తెలుగు చెవికి తామరపువ్వు తోస్తుంది. వాళ్లింట్లో అది 'కమాల్' అన్న మాటకి చుట్టం. కరాచీ నుంచి వెళ్లి అమెరికాలో, జెర్సీ సిటీలో స్థిరపడ్డ కుటుంబం పిల్ల. మాకు పాకిస్తాన్ ఏమీ కాదు. ఈ మాట ముందు చెప్పుకోకుండా ఒక సినిమా గురించి కూడా రాసుకోలేని స్థితి మాది. పైగా అది ఉర్దూ మాట్లాడే మధ్యతరగతి ఇల్లు. తెలుగే ఇంటిభాషగా బతికే మా దూదేకుల ఇళ్లకి చాలా దూరం. అయినా ఆ పిల్ల మాకు దగ్గరైంది. మేం 'రోజా' (1992) చూసి పెరిగినవాళ్లం. అందులో నమాజుకి లేచిన చేతులూ తుపాకీ పట్టిన చేతులూ ఒక్కరివే. మన తెలుగు సినిమాలో సాయిబంటే హీరో కోసం ప్రాణమిచ్చే దోస్తు, కాకుంటే బాంబు పెట్టేవాడు, ఆ రెండూ కాకపోతే వచ్చీరాని తెలుగుతో నవ్వించేవాడు. పొద్దున లేచి స్కూలుకెళ్లి, అమ్మతో తిట్లు తిని, పండక్కి కొత్తబట్టలు కట్టుకునే ముస్లిం ఆడపిల్ల ఎక్కడుంది?

2022లో ఆరు భాగాలుగా వచ్చిన 'మిస్ మార్వెల్' సీరియల్‌లో ఉంది. అందులో కమల మసీదుకి వెళుతుంది. ఆడవాళ్లు నమాజు చేసుకునే చోటు అంత అధ్వాన్నంగా ఎందుకుందని ఆమె స్నేహితురాలు నకియా నిలదీస్తుంది, మసీదు బోర్డు ఎన్నికల్లో నిలబడుతుంది. మమ్మల్ని మేం లోపలినుంచి విమర్శించుకోవడం ఎలాగో ఆ చిన్న కథ చూపించింది. ప్రభుత్వ ఏజెంట్లు అదే మసీదులోకి చొరబడతారు కూడా. అన్నిటికన్నా మాకు గుర్తుండిపోయింది రైలు. 1947లో కరాచీ వెళ్లే చివరి రైలు, ప్లాట్‌ఫారం మీద తొక్కిసలాట, తప్పిపోయిన పసిపిల్ల సనా. ఆ పిల్లకి దారి చూపి తండ్రి దగ్గరికి చేర్చిన వెలుగు మనవరాలు కమలదేనని తేలుతుంది.

నియా డకోస్టా తీసిన సీక్వెల్‌లోకి పాత సినిమాల మనుషులు గుంపుగా తిరిగొచ్చారు. 'కెప్టెన్ మార్వెల్' (2019) నుంచి కేరల్ డాన్వర్స్, అప్పటి చిన్నపిల్ల మోనికా పెద్దదై, నిక్ ఫ్యూరీ. వాల్కిరీ కూడా వచ్చింది. చనిపోయిన మరియా కూడా వేరే లోకపు మనిషిగా కనిపిస్తుంది. పాత ఎక్స్-మెన్ సినిమాల బీస్ట్ వచ్చాడు. పిల్లి వచ్చింది. పిల్లికూనలు మనుషుల్ని మింగి కాపాడే ఘట్టానికి మేమూ పడీ పడీ నవ్వాం, దాచడమెందుకు. కమల వెంట అమ్మ మునీబా, నాన్న యూసుఫ్, అన్న ఆమిర్ వచ్చారు. నకియా రాలేదు. మసీదు రాలేదు. కుటుంబం నవ్వించడానికి మిగిలింది. అమ్మమ్మల తరాల కన్నీళ్లతో వచ్చిన గాజు ఇక్కడ గ్రహాల యుద్ధంలో సగం ఆయుధం, అంతే.

ఒక్క చోట మాత్రం సినిమా మమ్మల్ని కుర్చీలో ముందుకి వంచింది. కేరల్ ఒకప్పుడు విముక్తి పేరుతో హాలా గ్రహపు పాలనని కూల్చింది. అక్కడ అంతర్యుద్ధం వచ్చింది, గాలీ నీరూ పాడైపోయాయి. (ఇరాక్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?) ఆ హాలా నాయకురాలు దార్-బెన్ ఇప్పుడు వేరే లోకాల్ని దోస్తోంది. ముందు దెబ్బ స్క్రల్ కాందిశీకుల మీద. వాళ్ల గాలి పీల్చేస్తుంటే ఓడల వైపు జనం పరుగు. ఇంకా మనుషులున్నారు, ఇంకొందర్ని ఎక్కిద్దాం అని కమల బతిమాలుతుంది. అందినవాళ్లతో బయల్దేరక తప్పదంటుంది కేరల్. ఇమాన్ వెల్లాని ముఖం అప్పుడు చూడాలి. కరాచీలో పుట్టి కెనడాలో పెరిగిన ఈ అమ్మాయికి నటన నేర్పాల్సిన పని లేదు.

ఈ పిల్ల రక్తంలో ఒక రైలుంది కదా! ఆ ఓడ తలుపు దగ్గర ఒక్క క్షణమైనా దానికి ఆ ప్లాట్‌ఫారం గుర్తుకు రాదా? రాదు. 105 నిమిషాల్లో పిల్లికి చోటుంది, పాటలతోనే మాట్లాడుకునే గ్రహానికి చోటుంది. విభజనకి లేదు. ముస్లిం పిల్లని పిలుస్తారు, ఆమె వెంట వచ్చే చరిత్రని గుమ్మం బయటే చెప్పులతో పాటు విప్పి రమ్మంటారు.

సినిమా డబ్బుల్లో ఘోరంగా దెబ్బతింది. మార్వెల్ స్టూడియోస్ చిత్రాల్లో అప్పటిదాకా అంత తక్కువ వసూళ్లు దేనికీ లేవు. ఆడవాళ్ల సినిమా కాబట్టే పోయిందని సంబరపడ్డవాళ్లతో మాకు మాటల్లేవు. నటుల సమ్మె వల్ల ప్రచారం జరగలేదన్నదీ నిజమే. మా ఫిర్యాదు వేరు.

చివర్లో కమల చీకటి గదిలో కూర్చుని, కేట్ బిషప్ అనే మరో కుర్రదాన్ని తన దళంలోకి పిలుస్తుంది. 2008లో 'ఐరన్ మ్యాన్' చివర ఫ్యూరీ మాట్లాడినట్టే మాట్లాడుతుంది. హాల్లో కుర్రాళ్లు ఈలలు వేశారు. సనా నానీ గొంతు ఎక్కడైనా వినపడుతుందేమోనని మేం పేర్లన్నీ అయిపోయేదాకా కూర్చున్నాం.