ఎండాకాలం చెరువు, ఎరిగిన చెయ్యి

నీళ్లు తగ్గిన చెరువులో చేపలు పట్టడం ఏమంత విద్య అనే మాట ఖిలా వరంగల్ చుట్టుపక్కల తరచూ వినిపిస్తుంది. మే నెల వచ్చేసరికి శిఖం సగం బయటపడుతుంది, చేపంతా తూము ముందరి మడుగులోకి చేరుతుంది, వల వేసినవాడి గంప నిండుతుంది అని లెక్క కడతారు. ఈ లెక్క తప్పు. ఒక్కచోట చేరిన చేప అలికిడికి బెదురుతుంది, వేడికి మేత సరిగ్గా ముట్టదు, బురదలో దూరుతుంది, మొద్దుల సందున నక్కుతుంది. పైగా మిగతా కాలాల్లో లేని బాధ్యత ఒకటి ఎండాకాలంలో వేటగాడి మీద పడుతుంది. ఈ రెండు నెలల్లో అతను ఏది పట్టాడు, ఏది వదిలాడు అన్నదాన్ని బట్టే వచ్చే ఏడు ఆ చెరువులో నాటు చేప ఉంటుందా లేదా అన్నది తేలుతుంది. పట్టడం, వదలడం రెండూ ఎరిగిన చేతులు మన గంగపుత్రుల్లో, ముదిరాజుల్లో ఇంకా ఉన్నాయి. ఆ చేతుల పక్షానే ఈ వ్యాసం. నిష్పాక్షికంగా రాస్తున్నానని బుకాయించను.

చెరువుల చరిత్ర చెప్పబోతే పేజీలు చాలవు. పాకాల చెరువును 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలాన జగదల ముమ్మడి కట్టించాడు. పాలంపేటలో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే రామప్ప చెరువునూ తవ్వించాడు. లక్నవరం, ధర్మసాగరం, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు ఓరుగల్లు వాళ్లకు ఇంటి పేర్లంత దగ్గర. కోట చుట్టూ అగడ్త సరేసరి, నీళ్లు నిలిచిన చోట దాని నిండా గుర్రపుడెక్కే. ఏ రాజు ఏ చెరువులో ఏ చేప వేయించాడో చెప్పే కథలు బోలెడున్నాయి, వాటి జోలికి పోను. వేటగాడికి కావలసింది చెరువు కట్టిన తీరు. వాలును అడ్డుకుంటూ కట్ట పోశారు కనుక లోతంతా కట్ట వైపే, అందులోనూ తూము దగ్గర ఉంటుంది. శిఖం వైపు నీళ్లు పల్చబడుతూ పోతాయి. చెరువు కట్టక ముందు అక్కడ పారిన వాగు జాడ నీళ్ల అడుగున ఇంకా ఉంటుంది. నీళ్లు తగ్గేటప్పుడు చేప ఆ జాడ పట్టుకునే తూము వైపు దిగుతుంది. ఆ జాడ ఎక్కడుందో తెలిసినవాడు చెరువంతా కలియదిరగడు. పూడిక తీసిన చెరువుల్లో మాత్రం పొక్లెయిన్లు తవ్విన గుంతలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. మోకాలి లోతని అడుగు వేస్తే తల మునుగుతుంది, ఈత రానివాళ్లు దిగకూడదు. ఇంకొకటి, చేప పట్టే హక్కు చాలా చెరువుల్లో మత్స్య సహకార సంఘాలది. గాలం పట్టుకుని పోయే సరదారాయుళ్లు ముందు వాళ్లను అడగాలి.

వేళ తెలియడం సగం విద్య. నీరు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకోలేదు. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. పగటిపూట నాచు, పాచి ఎండ సాయంతో కొంత ఆక్సిజన్ విడుస్తాయి, రాత్రంతా అవే దాన్ని తిరిగి పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున చెరువులో ఊపిరి బాగా తక్కువై బొచ్చె, రవ్వ నోళ్లు తెరుచుకుని పైకి తేలుతాయి. అవి ఆకలితో తేలాయనుకుని గాలం వేసేవాళ్లే ఎక్కువ. ఊపిరాడని చేప ఎర ముట్టదు. ఆ వేళ వలది. గాలం వేయాలంటే పొద్దు పొడిచి నీళ్లు కాస్త తేరుకున్నాక, ఎండ ముదరక ముందు వేయాలి, లేదా పొద్దు వాలాక వేయాలి. గాలి వీస్తుంటే అలలు తగిలే ఒడ్డునే కూర్చోవాలి, అక్కడ నీళ్లు గాలిని కలుపుకుంటాయి, తేలే మేతా అటే కొట్టుకొస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు నడి మధ్యాహ్నం గాలం వేసేవాడు చేపకన్నా ముందు తాను వడదెబ్బకు దొరుకుతాడు.

ఏ లోతున ఎర వేలాడాలన్నది చేప నోరే చెబుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్లలో మేస్తుంది. రవ్వ నడుమ తిరుగుతుంది. ఎర్రమోసు, బంగారుతీగ అడుగున బురద కెలుకుతాయి. బెండు ఎంత పైకి జరపాలో, గాలం ఎంత దింపాలో ఇక్కడే తేలిపోతుంది. తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద బొచ్చెకూ రవ్వకూ పనికొస్తుంది. అడుగు చేపకు, జెల్లకు ఎర్రలు కావాలి. నీటి మీది బుడగలనూ చూడటం నేర్చుకోవాలి. సన్న బుడగలు గుంపుగా లేచి మెల్లగా ముందుకు జరుగుతుంటే కింద బంగారుతీగ బురద తవ్వుతున్నట్టు. ఒక్క గుటక, చిన్న సుడి, ఆ తర్వాత ఏమీ లేకపోతే కొర్రమట్ట ఊపిరి తీసుకుని పోయినట్టు. ఇవన్నీ చెప్పడం సులువే. ఎండ మెరుపులో కళ్లు చికిలించి యాభై అడుగుల దూరం నుంచి ఈ తేడా పట్టేవాళ్లను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఇక విసురు వల. నన్నడిగితే తెలంగాణ చేతి విద్యల్లో దీన్ని నేతకు, పోతపనికి తక్కువగా లెక్కేయడం అన్యాయం. వల కొసన ఉన్న తాడు ఉరి ఎడమ మణికట్టుకు తగిలించుకుంటారు. మిగిలిన తాడు చుట్టలు చుట్టలుగా అదే చేతిలోకి వస్తుంది, దాని మీద వల నడుమ భాగం పడుతుంది. అంచులో మూడో వంతు తీసి ఎడమ మోచేతి మీద వేసుకుంటారు, మరో వంతు కుడిచేతి వేళ్ల మధ్య పట్టుకుంటారు. సీసం గుళ్లు ఒకదానికొకటి చిక్కుకోకుండా ఒకసారి విదిలించి చూసుకుంటారు. అప్పుడు నడుము ఎడమకు తిరిగి ఒక్క ఊపున కుడికి విడుచుకుంటుంది. చేతి బలంతో విసిరేవాడి వల పోగై పడుతుంది, నడుముతో విసిరేవాడి వల గాలిలోనే విచ్చుకుంటుంది. కుడిచేతి అంచు ముందు పోయి, మోచేతి మీది అంచు అరక్షణం ఆలస్యంగా జారాలి, ఆ అరక్షణంలోనే పనితనమంతా ఉంది. సరిగ్గా పడిన వల అంచు ఎక్కడా మడత లేకుండా జొన్నరొట్టెలా నీళ్ల మీద పరుచుకుంటుంది, గుళ్లన్నీ ఒక్కసారే చప్పుడు చేస్తాయి. వల పడగానే లాగేవాడు కొత్తవాడు. గుళ్లు అడుగు తాకేదాకా ఆగాలి, తర్వాత అంచులు ఒకదానికొకటి దగ్గరయ్యేలా మెల్లగా రాబట్టాలి. ఎండాకాలపు బురదలో గుళ్లు కూరుకుపోయి ఎర్రమోసు వాటి కిందనుంచి జారుకుంటుంది. అందుకని తోడు మనిషి వల చుట్టూ పాదాలతో అంచు తొక్కుతూ వస్తాడు. దీన్నే థర్మోకోల్ తెప్ప మీద, కాళ్లకు పట్టు లేకుండా, మోకాళ్ల మీద కూర్చుని చేసేవాళ్లున్నారు. నడుము తిప్పడానికి చోటే లేని ఆ తెప్ప మీద, చీకట్లో చేప ఎగిరిన చప్పుడును బట్టి వల విసిరేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటివాళ్ల ముందు ఒలింపిక్స్ డిస్కస్ పోటీ నాకు ఆనదు.

కొర్రమట్ట వేట దీనికన్నా గట్టి పరీక్ష. తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంచుకున్న ఈ కొర్రమట్ట పైగాలి పీల్చి బతుకుతుంది, కనుక ఎండకు మిగతా చేపల్లా సొమ్మసిల్లదు. నీళ్లు ఇంకిపోతే బురదలో తలదాచుకుంటుంది. దాన్ని పట్టేది ఊత. అడుగున వెడల్పుగా, పైన చేయి దూరేంత నోరుతో వెదురు బద్దలతో అల్లిన బుట్ట అది. గుటక వేసిన చోట ఊత వేస్తే ఖాళీ బుట్టే మిగులుతుంది. సుడి ఎటు తిరిగిందో చూసి దానికి ముందు వేయాలి. బుట్టకు చేప తగిలిన అదురు అరచేతికి తెలియగానే పై నోట్లోంచి చేయి దింపి మొప్పల వెనక బొటనవేలు, చూపుడువేలు బిగించాలి. నడుం పట్టుకుంటే సబ్బులా జారిపోతుంది. ఊత కూడా లేకుండా కాలి వేళ్లతో బురద తడిమి, చేప ఒళ్లు తగలగానే వంగి పట్టేవాళ్లున్నారు. ఆ తడమడంలో కొర్రమట్టకూ ఇంగిలీకానికీ తేడా తెలియకపోతే రోజంతా ఏడవాల్సిందే, ఇంగిలీకం రెక్క ముల్లులో విషముంటుంది. ఒక హెచ్చరిక, ఈ పనితనం పాకాలలో చూపించబోకండి. అది అభయారణ్యం, అందులో మొసళ్లున్నాయి.

ఎలాగూ ఎండిపోయే చెరువు, ఊడ్చి పట్టుకుంటే తప్పేంటి అన్నది అందరూ అడిగే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పెంపుడు చేప వరకు నా జవాబు, తప్పేమీ లేదు. బొచ్చె, రవ్వ, ఎర్రమోసు పారే నదిలో గుడ్లు పెట్టే చేపలు, నిలవ నీళ్ల చెరువులో సంతానం పొందవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి ఈ జాతి చేపలకు పీయూష గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించాకే హేచరీలు, పిల్లల సరఫరా దారిన పడ్డాయి. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పిల్లల్ని వదులుతున్నదీ అందుకే. అవి వేసి కోసుకునే పంట. కాని కొర్రమట్ట, మార్పు, ఇంగిలీకం, జెల్ల, పరక, బొమ్మిడాయి అలాంటివి కావు. వాటి పిల్లల్ని చెరువుకు తెచ్చి పోసేవాడు దాదాపు లేడు. తూము కింద మడుగులో, బురదలో రోహిణి దాటి బతికినవే తొలకరికి కొత్తనీటి మీద గుడ్లు పెడతాయి. కొర్రమట్ట జంట ఎర్రగా గుంపుగా తేలే తమ పిల్లల్ని వారాల తరబడి కాస్తుంది, ఆ జంటను పట్టేస్తే ఆ గుంపు మొత్తం పరుల నోట్లోకే. కొత్తనీటికి ఎదురీదే చేపను వాగు మూతి దగ్గర అడ్డగించి పట్టడమూ అంతే నష్టం. చెరువు ఎండినా పర్వాలేదు, ఒక్క మడుగు మిగిలితే నాటు చేప తిరిగొస్తుంది. ఆ ఒక్క మడుగును మోటారు పెట్టి తోడేయడమే పాపం.

ఆ పాపం ఇప్పుడు పద్ధతైపోయింది. మూడు వేళ్లు దూరే కన్నున్న వల పోయి దోమతెర వచ్చింది. వేలెడంత పరక కూడా అందులోంచి బయటపడదు. నాలుగు గజాల దోమతెరను ఇద్దరు పట్టుకు లాగితే దాన్నీ వేట అంటున్నారు! కొందరు బ్లీచింగ్ పౌడర్ పోస్తారు, కొందరు కరెంటు తీగ దింపుతారు, క్వారీలకు తెచ్చిన జిలెటిన్ కడ్డీ చెరువులో పేల్చే ఘనులూ ఉన్నారు. మందుగుండుతో, విషంతో చేపలు చంపడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నేరమంది. నూట పాతికేళ్లు దాటినా ఆ చట్టం చదివినవాళ్లు ఎందరో తెలియదు కాని, పేలిన చెరువులో తెల్లారి తేలే చేపలో సగం కుళ్లి ఎవరికీ పనికిరాకుండా పోవడం అందరూ చూస్తున్నదే. పెంచకూడదని నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మార్పు పేరుతో బల్ల మీదికి వస్తోంది. అది తప్పించుకుని చెరువులో పడితే నాటు చేపను గుటుక్కుమనిపిస్తుంది. సరదా వేటగాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించే ప్లాస్టిక్ కప్పల మీద మాత్రం నాకు కోపం లేదు. బతికిన కప్పను గాలానికి గుచ్చి తామరాకుల మీద ఆడించి కొర్రమట్టను రప్పించడం గొప్ప ఒడుపే, కాని పొలంలో పురుగు తినే కప్ప బతికితే మనకే మేలు. ఆ ఒడుపు ప్లాస్టిక్ కప్పతోనూ అక్కరకొస్తుంది.

పేదవాడి పొట్ట సంగతేంటి, ఒక్కరోజులో మడుగు ఊడిస్తే చేతిలో డబ్బు పడుతుంది కదా అంటారు. పడుతుంది, ఎంత పడుతుందో చూడాలి. మే నెలలో ప్రతి చెరువూ ఒకేసారి ఊడ్చడం వల్ల ధర పడిపోతుంది, కాంట్రాక్టరు చెప్పిందే రేటవుతుంది. నలభై డిగ్రీల ఎండలో బొచ్చె కొన్ని గంటల్లో చెడుతుంది, ఐసు ఖర్చు మీద పడుతుంది. కొర్రమట్ట అలా కాదు. కాసిన్ని నీళ్లున్న డ్రమ్ములో, తడి గోనె కింద ప్రాణంతో ఉంటుంది, బతికున్న కొర్రమట్టకు బొచ్చె ధర రెండింతలు దాటి పలుకుతుంది, మిరుగం నాడైతే అడగనక్కర్లేదు. రోజూ నాలుగు విసుర్లు వేసి అదను చూసి అమ్మేవాడికి, ఒక్కరోజు ఊడ్చి నెల ఖాళీగా కూర్చునేవాడికి ఆదాయంలో తేడా ఇక్కడ వస్తుంది. సంఘాల పెద్దలకు నా విన్నపం ఇంతే. తూము ముందర ఒక్క మడుగును మిరుగం దాటి రెండు గట్టి వానలు పడేదాకా ఎవరూ ముట్టకుండా తీర్మానం చేయండి, దోమతెర వేసినవాడికి జరిమానా పెట్టండి, వల విసరడం వచ్చిన పెద్దవాళ్ల చేత ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు నేర్పించండి. వరంగల్ బజారులో కొనేవాళ్లను అడిగేదీ ఒకటుంది. దోసెడు పరక పిల్లల్ని పది రూపాయలకు కుప్ప పోసి అమ్ముతుంటే కొనకుండా నడవండి. మొప్ప ఎర్రగా, కన్ను తేటగా ఉన్న పెద్ద చేపను, వల వేసి తెచ్చినవాడి దగ్గరే, బేరమాడకుండా కొనండి.