పాటకు వేసిన అంకె, మనసుకు చాలునా?

నేడు చేతిఫోనులోని సంగీతపు యాప్‌లు పాటలను గాయకుని పేరునుబట్టియే గాక "సంతోషము", "విచారము", "ఉత్సాహము" అను మనోభావములనుబట్టి కూడ జాబితాలుగా కూర్చి యందించుచున్నవి. ఈ విభజన యెంతవరకు శాస్త్రీయమో పరిశీలింతము.

దీని కాధారమైన భావన క్రొత్తది కాదు. ఉద్వేగములను రెండు అక్షములపై గుర్తింపవచ్చునని మనస్తత్వశాస్త్రజ్ఞుడు జేమ్స్ రస్సెల్ 1980లో ప్రతిపాదించెను. ఒక అక్షము ప్రీతి, అప్రీతులను, రెండవది ఉద్రేక, శాంతులను తెలుపును. 2014లో ఎకో నెస్ట్ సంస్థను కొన్న స్పాటిఫై, ఇట్టి పద్ధతిలోనే పాటలకు "వేలెన్స్", "ఎనర్జీ" అను కొలతలను 0 నుండి 1 వరకు గల అంకెలతో నిర్ణయించినది.

ఈ ప్రయత్నము నిరాధారమనరాదు. హిందూస్థానీ సంగీతముతో పరిచయము లేని పాశ్చాత్య శ్రోతలు సైతము రాగములలోని సంతోష, విషాద, క్రోధములను గుర్తింపగలిగిరని బాల్క్‌విల్, థాంప్సన్ అను పరిశోధకులు 1999లో ప్రకటించిరి. వారికి తోడ్పడినవి లయ వేగము, స్వరరచన వంటి ధ్వని లక్షణములే. అట్టి లక్షణములను యంత్రము కొలవగలదు.

అయితే పాటలోని భావము వేరు, శ్రోతలో కలుగు భావము వేరు. 2014లో తరూఫీ, కోల్ష్ అనువారు 772 మందిని ప్రశ్నింపగా, విషాదగీతములు వినునపుడు కలుగు భావములలో అన్నింటికంటె తరచుగా పేర్కొనబడినది విషాదము కాదు. గతస్మృతులతో కూడిన తీయని బెంగ.

సంగారెడ్డి జిల్లాలోని ఇస్నాపూర్, పాశమైలారం పారిశ్రామిక ప్రాంతమునే చూడుడు. ఇచట ఒడిషా, బీహారులనుండి వచ్చిన కార్మికులు పెక్కుమంది కలరు. రాత్రి షిఫ్టు ముగించి ఉదయము గదికి చేరినవానికి కావలసినది నిద్ర; ప్రభాతవేళకని కూర్చిన హుషారు పాటలు వానికేల? అతడు తన ఊరి మందగతి పాట నొకదానిని వినెననుకొందము. అంకెల లెక్కలో అది విచారము కావచ్చును; అతనికి మాత్రము ఇంటి జ్ఞాపకము, ఊరట. అదే అంకె గల పరాయి పాటలు పది వినిపించినను ఆ ఊరట కలుగదు. జాబితాలు కూర్చునపుడు శ్రోత వెనుకటి అలవాట్లను కూడ లెక్కింతురు, నిజమే. కాని అలవాటునుబట్టి అతడేమి వినెనో తెలియును; ఏల వినెనో తెలియదు.

రాగమొక్కటియే భావమును నిర్ణయింపదు. శంకర్–జైకిషన్‌లు శివరంజని రాగమునే 1966లో "సూరజ్" చిత్రమున ఉల్లాసగీతమునకు, 1970లో "మేరా నామ్ జోకర్" చిత్రమున విషాదగీతమునకు వాడిరి.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పరీక్ష చేయవచ్చును. హార్మోనియముపై మొదట మోహన రాగ స్వరములను వాయింపుడు. పిదప అంతర గాంధారమునకు బదులు సాధారణ గాంధారమును పట్టినచో అవి శివరంజని స్వరములగును. షడ్జమము 240 హెర్ట్‌జులైనచో ఈ గాంధారములు సుమారు 302, 285 హెర్ట్‌జులు. తేడా 17 మాత్రమే. రెండింటిని మెల్లగాను, త్వరగాను వాయించి, ప్రతిసారియు తమకు కలిగిన భావమును విద్యార్థులచే చీటీలపై వ్రాయింపుడు. ఆ చీటీలను పోల్చిచూచిన పిదప, పాట కొక అంకె చాలునో చాలదో వారే నిర్ణయింతురు.