అలుగు ఎత్తు

ఈ వారం మా ఇబ్రహీంపట్నంలో ఒక ఫొటో స్టూడియోలో కూర్చుంటే ఒళ్లు మండింది. పెళ్లి వీడియో ఫైలు ఆరు జీబీ, పెన్‌డ్రైవ్‌లో పాతిక జీబీ ఖాళీ. అయినా ఎక్కదు. "జాగ ఉన్నదంటివి, మరెందుకు పడ్తలేదు బిడ్డా?" అని పెళ్లికూతురి తండ్రి స్టూడియో కుర్రాణ్ని అడుగుతున్నాడు.

కారణం ఆ పెన్‌డ్రైవ్‌కున్న ఫ్యాట్32 ఫార్మాట్. ఫైలు సైజు రాసుకోవడానికి అందులో ఉన్నది 32 బిట్లే. నాలుగు జీబీకి ఒక బైటు తక్కువ దాకానే ఆ లెక్క సాగుతుంది. డిస్కుల జాగాను కలిపి లాజికల్ వాల్యూమ్‌లుగా పంచే లినక్స్ ఎల్వీఎం తొలి రూపానిదీ ఇదే గొడవ. ఒక లాజికల్ వాల్యూమ్‌కు 65,534 ఎక్స్‌టెంట్లే, అంటే జాగా ముక్కలే. ఎక్స్‌టెంటు మామూలుగా 4 ఎంబీ కాబట్టి, వెనకాల ఎన్ని డిస్కులు తగిలించినా 256 జీబీ దగ్గర ఆగాల్సి వచ్చేది. నా పాత పాట మళ్లీ పాడతాను: హద్దు పెట్టినవాళ్లు కారణం కూడా రాసిపెట్టాలి. విండోస్ ఫార్మాట్‌లో ఫ్యాట్32కు 32 జీబీ హద్దు ఆ పూట తోచినట్టు పెట్టానని అప్పటి మైక్రోసాఫ్ట్ ఇంజనీరు డేవ్ ప్లమ్మర్ స్వయంగా చెప్పాడు. దశాబ్దాలు మోశాం దాన్ని.

హద్దులన్నీ ఎత్తిపారేయాలని రాయబోయాను. పెద్ద చెరువు అడ్డొచ్చింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి చెరువు మాది. చిన్నప్పుడు నాకు అలుగంటే కోపం. అన్ని నీళ్లు వదిలేసే బదులు ఇంకో గజం ఎత్తు కట్టొచ్చుగా అని నీరటి తాతను అడిగాను. "అలుగు కట్టకంటె కిందుంటెనే కట్ట నిలుస్తది. నీళ్లు కట్ట మీదికెల్లి దుంకితే తెల్లారేసరికి గండి పడ్తది" అన్నాడు.

ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ తనంతట తాను 5 శాతం జాగాను రూట్ కోసం అట్టిపెట్టేది అందుకే. వాడేవాళ్లకు డిస్కు నిండినా, అడ్మిన్ లోపలికొచ్చి చెత్త తీయడానికి ఊపిరి ఉంటుంది. వృథా అంటూ దాన్ని సున్నా చేసేవాళ్లను చూశాను. ఉత్త డేటా డిస్కులో సరే, సిస్టమ్ నడిచే డిస్కులో మాత్రం వద్దు.

మన చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ల్యాబ్ సర్వర్‌లో కోటా లేకపోతే ఒక్క విద్యార్థి వర్చువల్ మెషిన్ ఫైళ్లు చాలు, ప్రాక్టికల్ పరీక్ష రోజు క్లాసంతటికీ సేవ్ కాకుండా చేయడానికి. విద్యార్థుల ఫైళ్లుండే హోమ్‌కు వేరే వాల్యూమ్ ఇవ్వండి, ఒక్కొక్కరికీ కోటా పెట్టండి, వాల్యూమ్ గ్రూపులో కొంత పంచకుండా ఉంచండి. తర్వాత పెంచడం సులువు, తగ్గించడమే కష్టం. ఎంత పెట్టారో, ఎందుకంత పెట్టారో రాసి సర్వర్ మీద అంటించండి.