పెట్టుబడిని అడిగితే పుట్టుకను అడిగారు

ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ రోజున టీకొట్టు దగ్గర రేడియో చుట్టూ నిలబడిన ముస్లిం ఎవరికైనా ఒక ప్రశ్న తెలుసు. "ఏం సాయిబూ, నువ్వెటు?" అడిగినవాడు నవ్వుతూనే అడుగుతాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వుతారు. మనమూ నవ్వాలి. నవ్వకపోతే అదే మన జవాబని రాసుకుంటారు. నన్ను అలా అడిగిన క్లాస్‌మేట్ ఇప్పటికీ నా స్నేహితుడే. వాడికి ఆ సంగతి గుర్తు లేదు. నాకుంది.

ఆ ప్రశ్న మన కోసమే పుట్టిందని చాలాకాలం అనుకున్నాను. కాదు. 2015 ఫిబ్రవరిలో అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక యూదు విద్యార్థిని అదే ప్రశ్న ముందు నిలబడింది. అడిగింది అక్కడి విద్యార్థి కౌన్సిల్. అంతకు మూడు నెలల ముందే పాలస్తీనీయుల పక్షాన తీర్మానం చేసిన కౌన్సిల్ అది. అందుకే ఈ వ్యాసం రాయాల్సి వస్తోంది. అవతలి పక్షం అడిగినప్పుడు ఆ ప్రశ్నను ఎవరైనా గుర్తుపడతారు. మనం మెచ్చుకున్న పక్షం అడిగినప్పుడు గుర్తుపడతామా?

ముందు ఆ తీర్మానాల కథ చెప్పుకోవాలి. పెట్టుబడుల ఉపసంహరణ అనగానే మనకి ప్రభుత్వరంగ సంస్థల వాటాల అమ్మకం గుర్తొస్తుంది. అమెరికా క్యాంపస్‌లలో డైవెస్ట్‌మెంట్ అంటే వేరు. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాలు తమ పింఛను నిధుల్నీ విరాళాల నిధుల్నీ కంపెనీల షేర్లలో పెడతాయి. మా చదువుల పేరు మీద పోగైన డబ్బు అన్యాయానికి సరుకు అమ్మే కంపెనీల్లో ఉండటానికి వీల్లేదు, వెనక్కి తీయండి అని విద్యార్థులు అడగడమే డైవెస్ట్‌మెంట్. విశ్వవిద్యాలయం పెట్టుబడుల మీద విద్యార్థి ప్రభుత్వానికి అధికారం లేదు. కాలిఫోర్నియాలో అది రీజెంట్లు అనే పాలకమండలి చేతిలో ఉంది. విద్యార్థులు చేయగలిగింది తీర్మానం. అయినా అది ఉత్త కాగితం కాదు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద ఏళ్ల తరబడి విద్యార్థులు పోరాడాక, 1986లో ఇదే రీజెంట్లు 300 కోట్ల డాలర్లకు పైబడిన పెట్టుబడుల్ని వెనక్కి తీసుకోవడానికి ఓటేశారు.

ఆ జ్ఞాపకంతోనే బర్క్లీ విద్యార్థులు మళ్లీ కదిలారు. 2008 డిసెంబరులో మొదలైన గాజా యుద్ధం తర్వాతి మాట ఇది. 2010 మార్చి 18న అక్కడి విద్యార్థి సెనేట్ 16-4 ఓట్లతో ఒక బిల్లు ఆమోదించింది. ఇజ్రాయెల్ సైన్యానికి యుద్ధ సామగ్రి అందిస్తున్నాయంటూ జనరల్ ఎలక్ట్రిక్, యునైటెడ్ టెక్నాలజీస్ అనే రెండు కంపెనీల పేర్లు అందులో ఉన్నాయి. వారం తిరక్కుండానే విద్యార్థి అధ్యక్షుడు దాన్ని వీటో చేశాడు. 20 మంది సెనేట్‌లో వీటోని దాటాలంటే 14 ఓట్లు కావాలి. వందల మంది వచ్చారు. రాత్రి తెల్లవార్లూ మాట్లాడారు. దక్షిణాఫ్రికా నుంచి డెస్మండ్ టుటు బిల్లుకు మద్దతుగా ఉత్తరం రాశాడు. ఏప్రిల్ చివరికి ఓట్లు 13 దగ్గర ఆగిపోయాయి. 2013 ఏప్రిల్‌లో మరో తీర్మానం 11-9 ఓట్లతో గట్టెక్కింది. విశ్వవిద్యాలయం దాన్ని అమలు చేయలేదు.

ఓట్ల లెక్క అలా ఉంచి, వాడిన భాషను చూడండి. బిల్లు మాట్లాడింది రెండు కంపెనీల గురించి. బిల్లు తోటి విద్యార్థుల్లో ఒక సమూహం మీద ప్రతీకాత్మక దాడిగా కనిపిస్తోందన్నది వీటోకి చెప్పిన కారణాల్లో ఒకటి. కంపెనీ గురించి అడిగితే సమూహం జవాబుగా వచ్చింది. మాట దారి తప్పింది ఇక్కడే.

అయితే న్యాయంగా మాట్లాడాలి. ఆ హాలులో కూర్చున్న యూదు విద్యార్థుల్లో కొందరి భయం నటన కాదు. ఊచకోత నుంచి బయటపడ్డ తాతలున్న ఇళ్లలోంచి వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. లోకంలో ఇన్ని ప్రభుత్వాలుండగా మా వాళ్ల దేశం ఒక్కటే మీకెందుకు కనిపించిందని అడిగారు. ఆ భయాన్ని కొట్టిపారేసే హక్కు మనకెక్కడిది? 1990 డిసెంబరు హైదరాబాదులో వీధి చివర నినాదం వినగానే తలుపు గడియపెట్టిన అమ్మీల పిల్లలం మనం. భయం నిజమే. కాని ఒకరి భయం నిజమైనంత మాత్రాన ఇంకొకరి ప్రశ్న అబద్ధం కాదు. తమ ఇళ్ల మీద పడే బాంబు ఏ కంపెనీదని పాలస్తీనా పిల్లలు అడిగితే, అందులో యూదుల పుట్టుక మీద ద్వేషం వెతకనక్కరలేదు. యూదులందరిదీ ఒకే మాట కూడా కాదు. బర్క్లీ ప్రొఫెసర్, స్వయంగా యూదు అయిన జుడిత్ బట్లర్ ఆ బిల్లు కోసం సెనేట్ ముందు మాట్లాడారు. యూదులంతా ఒకటే అనుకున్నవాళ్లు రెండువైపులా ఉన్నారు. ముస్లింలంతా ఒకటే అనే మాట వినీ వినీ చెవులు తూట్లుపడ్డ మనకి దీన్ని విడమరిచి చెప్పాలా?

ముస్లిం విద్యార్థులకు ఆ క్యాంపస్‌లలో ఏం జరిగిందో కూడా చూడాలి. 2010 ఫిబ్రవరిలో అర్వైన్ క్యాంపస్‌లో ఇజ్రాయెల్ రాయబారి ప్రసంగానికి అడ్డుతగిలారని 11 మందిని అరెస్టు చేశారు. 2011లో వాళ్లలో 10 మందిని కోర్టు దోషులంది. ప్రసంగాన్ని అడ్డుకోవడం సరైన పద్ధతా అంటే నాకూ అనుమానమే. కాని హాలులో కేకలు వేసిన కుర్రాళ్లని క్రిమినల్ కోర్టు దాకా లాగడం క్రమశిక్షణ అనిపించుకోదు. 2015లో ఒక వెబ్‌సైట్ మొదలైంది. ఇజ్రాయెల్‌ని విమర్శించే విద్యార్థుల పేర్లు, ఫొటోలు, చదువుల వివరాలు అందులో పెట్టడమే దాని పని. ఉద్యోగమిచ్చేవాడు చూడాలని, చూసి భయపడాలని. ఇలాంటి జాబితాలంటే ఏమిటో మన గల్లీల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌కి వద్దాం. అక్కడ 2014 ఫిబ్రవరిలో డైవెస్ట్‌మెంట్ తీర్మానం 7-5తో ఓడింది. నవంబరులో కొత్త కౌన్సిల్ 8-2తో నెగ్గించింది. ఈ మధ్యలో ఇంకో తగాదా. ఇద్దరు కౌన్సిల్ సభ్యులు ఇతరుల ఖర్చుతో ఇజ్రాయెల్ వెళ్లొచ్చారు, వాళ్లు ఓటెలా వేస్తారని పాలస్తీనా మద్దతుదారులు విద్యార్థి న్యాయమండలికి వెళ్లారు. మండలి ఆ వాదన ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది అడగదగిన ప్రశ్నే. ఎవరి డబ్బుతో ఎక్కడికి వెళ్లావు అని అడగడం మనిషి చేసిన పనిని అడగడం.

2015 ఫిబ్రవరిలో అడిగింది అది కాదు. అదే న్యాయమండలిలో ఖాళీకి ఒక విద్యార్థిని పేరు వచ్చింది. యూదు విద్యార్థినివి, యూదుల సంఘాల్లో చురుగ్గా ఉన్నావు, నిష్పక్షపాతంగా ఎలా ఉండగలవు అన్నారు. ఆమె బయటికి వెళ్లాక చాలాసేపు అదే తర్కించారు. ఆమె అర్హత మీద ఎవరికీ పేచీ లేదు. అయినా నలుగురు వ్యతిరేకించారు, ఆమె నియామకం ఆగింది. యూదు సంఘాల్లో ఉండటం నిష్పక్షపాతానికి అడ్డు కాదని అక్కడున్న అధ్యాపక సలహాదారు చెప్పాల్సి వచ్చింది. మళ్లీ ఓటేసి అందరూ ఒప్పుకున్నారు.

ఆ వాక్యంలో యూదు అన్నచోట ముస్లిం అని పెట్టి చదవండి. ముస్లింవి కదా, మసీదు కమిటీలో ఉన్నావు కదా, న్యాయంగా తీర్పు ఎలా చెబుతావు? మనకది కొత్త వాక్యమా? ఇల్లు అద్దెకిచ్చేవాడు వేరే మాటల్లో అన్నాడు. స్టేషన్లో పోలీసు అన్నాడు. మన ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసింది ఈ అనుమానం మీదే.

దీని తర్వాత కథ తిరగబడింది. క్యాంపస్‌లలో యూదు వ్యతిరేకత పెరుగుతోందన్న ఫిర్యాదుల మీద రీజెంట్లు అసహన వ్యతిరేక ప్రకటన తయారుచేశారు. యూదు వ్యతిరేకతకీ జియోనిజం వ్యతిరేకతకీ చోటు లేదని ముసాయిదాలో ఒకే వరసలో రాశారు. అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. 2016 మార్చిలో ఆ మాట మారింది. యూదు ద్వేషంతో కూడిన జియోనిజం వ్యతిరేకత అని రాశారు. చిన్న సవరణే. కాని మొదటి వాక్యంలో ఒక రాజకీయ సిద్ధాంతాన్ని విమర్శించే ప్రతివాడూ ఒక జాతిని ద్వేషించేవాడే. రెండో వాక్యంలో కాదు. ఆ ముసాయిదా రాసినవాళ్లూ ఆ విద్యార్థినిని అడిగినవాళ్లూ ఒకరికొకరు విరోధులే. ఇద్దరిదీ ఒకటే తప్పు. రాజ్యాన్నీ మనిషినీ వేరుచేసి చూడలేకపోయారు.

ఇక మన సంగతి. మా గల్లీలో 'యహూదీ' అన్న మాటను తిట్టుగా వింటూ పెరిగాను. ఒక్క యూదుణ్ణి కూడా చూడకుండానే నేనూ వాడాను. గాజా మీద రాసేటప్పుడు ఇజ్రాయెల్ ప్రభుత్వం అనాల్సిన చోట యూదులు అని రాసేసేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. పాకిస్తాన్ అనాల్సిన చోట తురకలు అనేవాడికీ వీళ్లకీ తేడా ఏమిటి? సెక్యులర్ మిత్రులకూ ఇదే మనవి. ముస్లింవైనా మంచివాడివి అని భుజం తట్టినప్పుడు ఆ 'అయినా'లో టీకొట్టు ప్రశ్నే దాగి ఉంది. పాలస్తీనా పక్షాన నిలబడటానికి పుట్టుక లెక్కలు అక్కర్లేదు. కంపెనీల లెక్కలు చాలు. డబ్బెటు పోతోందో అడుగుదాం, గట్టిగా అడుగుదాం. మనిషి ఎవరికి పుట్టాడో అడగొద్దు.

ఆ నలుగురు విద్యార్థులు తర్వాత తమ క్యాంపస్ పత్రికలో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. వాళ్లు కుర్రాళ్లు, తప్పు చేశారు, ఒప్పుకున్నారు. మన టీకొట్టు దగ్గర ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. గల్లీలో ఆ తిట్టు వాడినందుకు నేనూ ఎవరికీ చెప్పలేదు.