ఊరికే తిరిగిన ఆడవాళ్ళు

'ఊర్మిళాదేవి నిద్ర' పాటని మనం ఎక్కువగా విరహపు పాటగానే చదువుకున్నాం. భర్త అన్న వెంట అడివికి పోయాడు, భార్య అతని నిద్ర కూడా తానే తీసుకుని పద్నాలుగేళ్ళు పడుకుంది, అతనొచ్చి లేపితే ముందు గుర్తుపట్టలేదు, ఎవడో పరాయివాడనుకుని గట్టిగా మందలించింది. ఈ మందలింపు దగ్గర ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. నన్ను ఆపేసే చోటు అంతకంటే ముందుంది. పట్టాభిషేకం సందడిలో ఊర్మిళ ఎవరికీ గుర్తులేదు. ఆమె సంగతి ఎత్తి, లక్ష్మణుణ్ణి పంపించమని అడిగేది సీత. అంటే అక్క. అడివిలో తిరిగి తిరిగి వచ్చిన అక్కకి, గోడల మధ్య ఉండిపోయిన చెల్లెలు గుర్తుంది. కానీ తను వెళ్ళదు, మరిదిని పంపిస్తుంది. పాటకి అక్కచెల్లెళ్ళ కలయిక కంటే ఆలుమగల కలయికే ముఖ్యం.

ఈ పాటలు రామాయణాన్ని ఇంటి లోపలి నుంచి చూస్తాయని వెల్చేరు నారాయణరావు 1991లో రాసిన వ్యాసంలో చూపించారు. యుద్ధం, రాజ్యం వెనక్కి పోయి పురుళ్ళు, స్నానాలు, ఆడబిడ్డల వేళాకోళాలు ముందుకొస్తాయి. నిజమే. అగ్రవర్ణాల ఇళ్ళలో పాడుకున్న పాటలు కాబట్టి ఆ ఇళ్ళ గోడలు కూడా పాటల్లోకి వచ్చేశాయి. మగవాళ్ళ మీద ఎన్ని విసుర్లైనా విసరొచ్చు, గడప లోపలే ఉండి విసరాలి.

పాట వదిలేసిన ఆ కలయికని ఓల్గా రాసింది. 2010లో పుస్తకంగా వచ్చి, 2015లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న 'విముక్త'లో అదే పేరున్న కథ ఊర్మిళది. అక్కడ ఊర్మిళ నిద్రపోలేదు. తలుపులు వేసుకుని తనలోకి తాను చూసుకుంది. అయోధ్యకి తిరిగొచ్చిన సీత స్వయంగా చెల్లెలి దగ్గరికి వెళ్తుంది. పాట దగ్గర్నించి చూస్తే ఇది ఎంత పెద్ద అడుగో! నిద్రని ఆలోచనగా మార్చడం, మరిదిని పంపే బదులు అక్కనే పంపడం.

అయినా నాకొక పేచీ ఉంది. ఆ పుస్తకంలో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ - సీత కలిసిన ప్రతి స్త్రీ ఆమెకి ఏదో ఒకటి నేర్పుతుంది. ప్రతి కలయికకీ ఒక ఫలితం ఉంది. సీతకి ఒక్క పనికిమాలిన మధ్యాహ్నం కూడా దొరకదు.

ఈ పేచీ పుస్తకం ముందు కూచున్నప్పుడు తట్టలేదు. ఖమ్మం ఖిల్లాలో తట్టింది. అక్క భద్రాచలంలో ఉంటుంది. నేను ఖమ్మంలో. 1959 నుంచి 2016 దాకా రెండూ ఒకే జిల్లా, అయినా మధ్యలో నూరు కిలోమీటర్ల పైన దారి. గిరిజన పిల్లల హాస్టల్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన అక్క, మొన్న మాఘంలో ఏ పెళ్ళీ పేరంటమూ లేకుండా వచ్చింది. అన్నాలు తిన్నాక "ఖిల్లా చూద్దాం పా" అంది. మా ఇద్దరి వయసూ కలిపితే నూట ఇరవై దాటుతుంది. పుట్టిన ఊళ్ళో కోట ఇద్దరం ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో చెప్పడం తేలికే. మా తమ్ముడు పదేళ్ళప్పటి నుంచే కొండ మీద గాలిపటాలు ఎగరేశాడు. మాకు భద్రాచలం ఉంది. శ్రీరామనవమికి కల్యాణం చూడ్డానికి అమ్మ వెంట ఎన్నిసార్లయినా పోవచ్చు. 'గుడికి పోయొస్తాం' అంటే ఏ ఇంట్లోనూ తిరుగులేదు. 'కోట చూసొస్తాం' అంటే 'ఎందుకు?' అని అడుగుతారు. ఆడవాళ్ళ నడకకి మన సమాజం దేవుణ్ణో పనినో తోడు పంపిస్తుంది. రెండూ లేకపోతే దానికి తిరుగుడు అని పేరు. 'తిరుగుబోతు' అన్న మాట మగవాడికీ వాడతారు, ఆడదానికి తగిలినంత గట్టిగా తగలదు.

ఖిల్లా గురించి పుస్తకాల్లో ఉన్నది కొద్దిమాటల్లో చెప్పొచ్చు. నల్లరాతి కొండ చుట్టూ గోడలు, కాకతీయుల కాలం నాటి మాట, తర్వాత షితాబ్ ఖాన్, కుతుబ్ షాహీలు, అసఫ్ జాహీలు. ఎవరు ఎవరి చేతిలోంచి లాక్కున్నారన్నదే చరిత్ర. జాఫర్ బావి అని పిలిచే మెట్లబావి మాత్రం నన్ను చాలాసేపు నిలబెట్టింది. అందులోకి దిగే మెట్లు చూస్తూ అక్క, "ఫిరంగులు ఎవరు మోసిన్రో రాసిపెట్టుకున్నరు, నీళ్ళు ఎవరు మోసిన్రో రాయలే" అంది. విమర్శ రాసేదాన్ని నేను, ఆ మాట తనకి ముందు తట్టింది!

కొండ కింద, పాత గోడల పక్కన ఇళ్ళున్నాయి. ఒక గుమ్మంలో బియ్యం చెరుగుతున్న పెద్దామె మమ్మల్ని ఆపి అడిగింది, "ఎవరింటికమ్మా?" మా ముందే నలుగురు కుర్రాళ్ళు బ్యాటు ఊపుకుంటూ పోయారు, వాళ్ళని ఎవరూ అడగలేదు. అక్క "ఎవరింటికీ కాదు, ఊరికే" అంది. ఆమె చాట ఆపేసి "ఊరికేనా!" అని నవ్వి, లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చింది. ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారని అడిగాను. పెళ్ళై వచ్చి నలభై ఏళ్ళంది. మీద దాకా ఎప్పుడన్నా ఎక్కారా అంటే, "పిలగాండ్లు చెప్తరు, మంచి గాలొస్తదంట" అంది.

కోట మీద కూచున్నాక నేను అడివి గురించి పొగడ్త మొదలుపెట్టాను. మీ కోయ పిల్లలకి ఈ బాధ లేదు కదా, వాళ్ళ తల్లులు ఇప్పపూల కాలంలో తెల్లారకముందే అడివిలోకి పోతారు, ఎవరినీ అడగరు అని. అక్క ఒప్పుకోలేదు. "అది వాళ్ళకి షికారు కాదే. గంపెడు ఏరితేనే తిండి. గార్డు ఎదురైతే ఎందుకొచ్చినవని వాళ్ళనీ అడుగుతడు." అడివిని స్వేచ్ఛకి గుర్తుగా వాడుకోవడం మన సాహిత్యంలో చాలాకాలంగా ఉన్న అలవాటే. ఆ అడివిలో బతికే స్త్రీలకి అది పనిచోటు.

సీతకైనా అడివి ఏం ఇచ్చింది? పర్ణశాలకి పోతే ఆమె స్నానం చేసిన వాగు, నారచీరలు ఆరేసిన బండ చూపిస్తారు. అడివిలో కూడా ఆమెకి మనం ఉంచినవి ఇంటిపని గుర్తులే. ఆ మీదట ఒక గీత. వాల్మీకిలో లేని గీత మన రంగనాథ రామాయణంలో ఉంది. ఊర్మిళకి గోడ ఉంది కాబట్టి సీతకి గీత కావాల్సొచ్చిందేమో.

ఊరికే వెళ్ళి, ఊరికే చూసి, అది రాసిన ఆడవాళ్ళు మనకి లేరని కాదు. నాయని కృష్ణకుమారి కాశ్మీరం వెళ్ళొచ్చి 'కాశ్మీర దీపకళిక' రాసింది. అంత దూరం వెళ్తే యాత్ర అంటారు. సొంత ఊళ్ళో మూడు గంటలు తిరిగితే దానికి సాహిత్యంలో ఏ పేరూ లేదు. మన పత్రికలకి వచ్చే స్వగతాల్లో గాయం ఉంటుంది, పోరాటం ఉంటుంది, ఉండాలి కూడా. గాయం లేని మధ్యాహ్నం గురించి రాస్తే 'ఇందులో స్త్రీవాదం ఎక్కడుంది?' అని మనమే అడుగుతాం. 'ఎవరింటికమ్మా?' అని ఆ పెద్దామె అడిగిన దానికీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు. ఆమె నయం, నీళ్ళిచ్చింది.

అమ్మమ్మ మధ్యాహ్నాలు వత్తులు చేస్తూ ఊర్మిళ పాట పాడేది. సీత మాట్లాడే చోటికి వచ్చేసరికి పొయ్యి వెలిగించే వేళయ్యేది. అందుకని అక్కకి పాట అక్కడిదాకానే వచ్చు. మిగతాది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. గోడ మీద కూచుని చెప్పాను. "మరి సీత పోలేదా చెల్లెలి దగ్గరికి?" అంది. పాటలో మరిదినే పంపింది, ఓల్గా కథలో తనే వెళ్ళింది అన్నాను. వెళ్ళి ఏం మాట్లాడిందని అడిగితే అధికారం గురించి, తన మీద తనకుండాల్సిన అధికారం గురించి అని చెప్పాను. అక్క కొంచెంసేపు ఊరుకుని, "పద్నాలుగేండ్ల తర్వాత కలిసి దాని గురించా!" అంది. మెట్లు దిగినంతసేపూ దీని మీదే వాదించుకున్నాం. ముందు 'చిక్కిపోయినవే' అని ఉంటుందని అక్క. ఓల్గా రాసిన ఊర్మిళ చిక్కిపోలేదు కదా అని నేను.